సుమారు మాటకు పూచీ ఎవరిది?

కచ్చితంగా తెలియని అంకెను చెప్పడానికి తెలుగులో ఎన్ని మాటలున్నాయో ఒకసారి లెక్కపెట్టి చూడండి. సుమారు, దాదాపు, ఇంచుమించు, రమారమి, ఉరామరిగా, ఉజ్జాయింపుగా, అంచనాగా, అందాజుగా. ఇవి గాక 'ఓ పాతిక', 'పదీ పన్నెండు', 'పదో పరకో' అనే వాడుకలు వేరే ఉన్నాయి. కచ్చితమైన సంఖ్య చెప్పడానికి ఆ సంఖ్య తప్ప వేరే మాట అక్కర్లేదు. చుట్టుపక్కల చెప్పడానికి ఇన్ని మాటలు పుట్టాయంటే మన బతుకులో ఎక్కువ భాగం సుమారు లెక్కల మీదే నడుస్తున్నదన్న మాట. పెళ్లికి ఎంతమంది వస్తారు, ఇల్లు కట్టడానికి ఎంతవుతుంది, ఈ ఏడు పంట ఎన్ని బస్తాలు దిగుతుంది - వీటిలో దేనికీ ముందుగా కచ్చితమైన జవాబు లేదు. అయినా జవాబు లేకుండా ఒక్క అడుగు కూడా వేయలేం.

ఈ మాటలన్నీ మనకే సొంతమా అంటే కాదు. 'సుమారు', 'అందాజు' పారశీకం నుంచి వచ్చి మన ఇరుగుపొరుగు భాషల్లోనూ స్థిరపడ్డాయి. బళ్లారిలో కన్నడిగులతో మాట్లాడినా, షోలాపూరులో మరాఠీవారితో మాట్లాడినా ఆ రెండింటికీ అనువాదం అక్కర్లేదు. తమిళనాట మాత్రం 'ఉత్తేసమాగ' అంటారు. అది మన 'ఉద్దేశం' అనే మాటే. మనకు ఉద్దేశం అంటే మనసులోని తలంపు. వాళ్లకు అదే మాట ఉజ్జాయింపు లెక్కకు కూడా పనికి వస్తుంది. హోసూరులోనో మదురైలోనో పుట్టి పెరిగిన మనవారికి ఇది రోజూ వినే మాట కనుక వింతగా తోచకపోవచ్చు. నాకు మాత్రం ఆ రెండర్థాలు ఒక మాటలో కూడి ఉండడం ఊరికే జరిగినట్లు అనిపించదు. ఉజ్జాయింపుగా చెప్పిన ప్రతి అంకె వెనుకా చెప్పినవాడి ఉద్దేశం ఎంతో కొంత ఉంటుంది.

ఇక్కడ ఒక ధర్మసందేహం. సుమారుగా చెప్పిన మాట తప్పితే ఆ నష్టం ఎవరు భరించాలి? చెప్పినవాడా, నమ్మినవాడా? 'నేను సుమారుగానే అన్నాను కదా' అన్న ఒక్క మాటతో చెప్పినవాడు చేతులు దులుపుకోవచ్చా? నేను వాణిజ్యశాస్త్రం చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. తత్వశాస్త్రం చదువుకున్నవాణ్ణి కాను. కాబట్టి నాకు తెలిసిన దారినే, అంటే దశాంశాల గుణకారం దారినే, ఈ సందేహం దగ్గరికి వస్తాను.

*

బడిలో చెప్పే పద్ధతి అందరికీ తెలిసిందే. 4.8ని 6.3తో గుణించాలి. కాగితం, కలం తీసే ముందు 4.8ని 5 అనుకుంటాం, 6.3ని 6 అనుకుంటాం. ఐదార్లు ముప్పై. అసలు జవాబు 30.24. ఎంత దగ్గరగా వచ్చిందో చూడండి. అలా రావడానికి కారణం ఉంది. ఒక అంకెను కొంచెం పెంచాం, రెండోదాన్ని కొంచెం తగ్గించాం. పెంచిన తప్పు, తగ్గించిన తప్పు ఒకదాన్నొకటి చాలావరకు చెల్లు పెట్టుకున్నాయి.

అదే రెండింటినీ పెంచితే? ఐదేళ్లు ముప్పై అయిదు. రెండింటినీ తగ్గిస్తే? నాలుగార్లు ఇరవై నాలుగు. 24 నుంచి 35 దాకా అంత తేడా! కూడికలో తప్పులు ఒకదాని పక్కన ఒకటి చేరతాయి. గుణకారంలో ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కుతాయి. ఈ సంగతి మనసులో ఉంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

పిల్లలు తడబడే చోటు ఇంకొకటుంది. గుణిస్తే పెరగాలి అని వాళ్ల నమ్మకం. 48ని 0.25తో గుణిస్తే 12 వచ్చిందంటే ఎక్కడో పొరపాటు జరిగిందనుకుంటారు. 0.4ని 0.3తో గుణిస్తే 1.2 అని రాసేస్తారు. అసలు జవాబు 0.12. ఒకటికి తక్కువైన దానితో గుణించడమంటే అందులో భాగం తీసుకోవడమేనని తెలిసినవాడు ఆ పొరపాటు చేయడు. 0.4లో మూడో వంతు కంటే కాస్త తక్కువ తీసుకుంటే ఒకటి దాటే ప్రశ్న లేదు కదా! అంటే ఉజ్జాయింపు అనేది లెక్క చేతకానివాడి అడ్డదారి కాదు. జవాబు ఏ పాటిదో ముందే ఎరిగి ఉండడం. యంత్రం ఇచ్చే జవాబుకు అంకెలుంటాయి గాని ఆ ఎరుక ఉండదు.

దశాంశ బిందువు ఒక స్థానం జరిగితే అంకె పదింతలు అవుతుంది, లేదా పదో వంతు అవుతుంది. ఇది ఆసుపత్రిలో ప్రాణం మీదికి వచ్చే సంగతి. జ్వరానికి ఇచ్చే పారాసిటమాల్ మందు పిల్లల బరువును బట్టి, కిలోకు 15 మిల్లీగ్రాములకు మించకుండా ఒక మోతాదు ఇస్తారు. పిల్లవాడి బరువు 11.8 కిలోలయితే 12 పదిహేన్లు 180, దానికి కాస్త తక్కువ అని మనసులో అనుకున్న నర్సు, యంత్రం 177 చూపిస్తే ముందుకు సాగుతుంది. మీట తప్పుగా పడి 1770 చూపిస్తే చేయి ఆగిపోతుంది. ముందు అంచనా వేసుకోని చేయి ఆగదు. మందుల చీటీలో అరను '.5' అని రాయకూడదు, '0.5' అనే రాయాలి, ఐదును '5.0' అని రాయకూడదు, '5' అనే రాయాలి అన్న నియమం ఈ భయంతోనే పుట్టింది. చుక్క కనపడకపోతే అర అయిదవుతుంది, అయిదు యాభై అవుతుంది.

కాబట్టి నా మొదటి మాట ఇది. కచ్చితమైన లెక్క చేతిలో ఉన్నా ఉజ్జాయింపు వేసుకోవడం ఒక బాధ్యత. ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటి తన గ్రంథంలో, వృత్తం చుట్టుకొలతను వ్యాసంతో భాగిస్తే వచ్చేదాన్ని 62832 బై 20000గా, అంటే 3.1416గా చెబుతూ, అది 'ఆసన్నం' అన్నాడు. దగ్గరిది అని అర్థం. అంత సూక్ష్మంగా లెక్క కట్టిన మనిషి ఆ ఒక్క మాట వదిలేసి ఉంటే అడిగేవాడు ఎవడూ ఉండేవాడు కాడు. వదల్లేదు. తన అంకె ఎంతవరకు నిజమో అంకెతో పాటే చెప్పాడు.

*

ఇక సవరింపు సంగతి. చిల్లర అంకెను గుండు అంకె చేయడం చిన్న పని లాగే కనిపిస్తుంది. ఒక్కసారి చేస్తే చిన్నదే.

1957 ఏప్రిల్ 1న మన దేశంలో రూపాయిని నూరు నయాపైసలుగా విడగొట్టారు. అంతకు ముందు రూపాయికి పదహారణాలు. అంటే అణాకు ఆరుంపావు పైసలు. పావు పైస నాణెం లేదు. అందుకని మార్పిడి పట్టికలో అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19, నాలుగణాలకు 25 పైసలని వేశారు. రూపాయి ఒక్కసారి మారిస్తే ఎవరికీ నష్టం లేదు. కాని అణా సరుకు పదహారుసార్లు కొన్నవాడు ఆరేసి పైసల చొప్పున ఇస్తే 96 పైసలే అవుతాయి. అమ్మినవాడికి నాలుగు పైసలు పోయాయి. అమ్మినవాడు తెలివిగా ఏడేసి పైసలు గుంజితే 112 అవుతాయి. కొన్నవాడికి పన్నెండు పైసలు పోయాయి. రెండు పూటలా అణా సరుకే కొనుక్కునే పేదవాడి మీద ఈ భారం ఎక్కువ పడుతుంది. నెల సరుకు ఒకేసారి కొనే కలవారి మీద అసలు పడదు. సవరింపు అందరికీ ఒకటే, దాని బరువు మాత్రం అందరికీ ఒకటి కాదు.

దూరదేశం నుంచి ఒక ఉదాహరణ. కెనడాలోని వాంకూవర్ స్టాక్ ఎక్స్చేంజి 1982 జనవరిలో 1000 అంకెతో ఒక ధరల సూచీ ప్రారంభించింది. రోజుకు వేల సార్లు కంప్యూటరు ఆ సూచీని తిరిగి లెక్క కట్టేది. ప్రతిసారీ మూడు దశాంశ స్థానాలు ఉంచి, ఆపైవాటిని దగ్గరి అంకెకు సవరించకుండా ఊరికే కత్తిరించేది. ఒక్కో కత్తిరింపు వెయ్యో వంతు కూడా కాదు. అయినా 1983 నవంబరు నాటికి సూచీ 524.811కి దిగజారింది. లెక్క సరిచేస్తే అది 1098.892. సంత బాగానే ఉంది, సూచీ మాత్రం సగానికి పడిపోయింది! యంత్రం ఒక్క గుణకారం కూడా తప్పు చేయలేదు. ప్రతిసారీ ఒకే వైపుకు కత్తిరించింది, అంతే.

ఇందుకే మన భారతీయ ప్రమాణాల సంస్థ 1960 నాటి తన రెండో ప్రమాణంలో, మిగిలిన ముక్క సరిగ్గా సగం అయితే ఎప్పుడూ పైకి జరపవద్దని, దగ్గరి సరిసంఖ్యకు జరపమని చెప్పింది. 2.5 అయితే 2, 3.5 అయితే 4. కొన్ని పైకి, కొన్ని కిందికి పోయి మొత్తం మీద మొగ్గు లేకుండా పోతుంది. ఇంగ్లీషు పుస్తకాల్లో దీన్ని 'బ్యాంకర్ల సవరింపు' అంటారు గాని మన బ్యాంకుల్లో ఆచారం వేరు. 50 పైసలు, ఆపైన ఉంటే పై రూపాయి, అంతకు తక్కువైతే వదిలేయడం. 4,85,000 రూపాయల మీద 7.35 శాతం వడ్డీ వేస్తే ఏడాదికి 35,647.50 వస్తుంది. అది 35,648 అవుతుంది. డిపాజిటుదారుకు ఇచ్చే వడ్డీ అయితే ఆ అర్ధరూపాయి బ్యాంకు ఇస్తుంది. అప్పు మీద వడ్డీ అయితే అదే అర్ధరూపాయి బ్యాంకు తీసుకుంటుంది. ఇందులో అన్యాయం లేదు. నియమం ముందే ప్రకటించి ఉంది, రెండు వైపులా ఒకేలా నడుస్తుంది. సవరింపు ధర్మంగా ఉండాలంటే ఈ రెండూ కావాలి. ముందే తెలిసి ఉండడం ఒకటి, అటూ ఇటూ సమంగా వర్తించడం రెండోది.

ఈ రెండూ లేనిచోట ఏమవుతుందో చూడాలంటే షోలాపూరు వెళ్లాలి. అక్కడ మగ్గాల పని చేసే మన పద్మశాలీల ఇళ్లలో ఆడవాళ్లు ఎందరో బీడీలు చుట్టి సంసారాలు లాక్కొచ్చారు. కూలి వెయ్యి బీడీలకు ఇంత అని. చుట్టిన బీడీలు అప్పగించేటప్పుడు బాగాలేవని కొన్నింటిని పక్కకు తీసేయడం బీడీ పనిలో పాత వాడుక. నిజంగా బాగాలేనివి తీసేస్తే న్యాయమే. ఒక్కొక్కటీ చూసి, లెక్కపెట్టి తీస్తే ఎవరూ కాదనరు. చూడకుండా గుప్పెటతో తీసి 'ఓ యాభై ఉంటాయిలే' అంటే ఏమవుతుందో చూడండి. వెయ్యిలో యాభై అంటే 0.05. ఏడాదికి మూడు వందల రోజుల పని అనుకుంటే 300ని 0.05తో గుణించాలి. పదిహేను. పదిహేను రోజుల కూలి 'ఓ యాభై' అన్న మాట కింద పోతుంది. ఆ గుప్పెట్లో యాభై లేకుండా నలభై ఉన్నరోజు ఒక్కటైనా ఆమె వైపుకు సవరింపు జరుగుతుందా అన్నదే ప్రశ్న.

*

మన సంతల్లో దీనికి ఒక పాత మందు ఉండేది. కొసరు. కన్నడంలోనూ కొసరే, తమిళంలో కొసురు. తూకం అయ్యాక మరో గుప్పెడు పప్పో, ఒక కరివేపాకు రెబ్బో, నాలుగు పచ్చిమిరపకాయలో. కొనేవాళ్లు అడగడం, అమ్మేవాడు విసుక్కుంటూనే వేయడం. దీన్ని కొందరు బేరగాళ్ల అత్యాశ అనుకుంటారు. నాకు అలా అనిపించదు. తక్కెడ అమ్మేవాడి చేతిలో ఉంది. ముల్లు ఎటు మొగ్గిందో వాడికే తెలుసు. కాబట్టి తూకంలో ఉండే ఆ కాస్త అనిశ్చయానికి పరిహారం వాడే ఇవ్వాలి. కొసరు వెనుక ఉన్న న్యాయం ఇదే అని నా నమ్మకం. తూచేవాడిదే పూచీ.

తరువాతి కాలంలో చిల్లర లేదని చాక్లెట్ చేతిలో పెట్టడం వచ్చింది. అది కొసరుకు తలకిందులైన పని. అక్కడ సవరింపు కొనేవాడి నెత్తిన పడింది. ఇరవై అయిదు పైసలు, అంతకు తక్కువ నాణేలు 2011 జూన్ 30 నుంచి చెల్లకుండా పోయాయి. ఇప్పుడు ఫోనుతో పైసలతో సహా కచ్చితంగా చెల్లించే వీలు వచ్చింది కనుక చిల్లర లేదన్న సాకు చాలావరకు పోయింది. తక్కెడ ఎవరి చేతిలో ఉంటే వారిదే పూచీ అన్న నియమం మాత్రం ఏ యంత్రంతోనూ పాతబడలేదు. ఈనాడు తక్కెడ అంటే ఇనుప తక్కెడే కానక్కర్లేదు. లెక్క తెలిసినవాడి దగ్గరికి తెలియనివారు వచ్చిన ప్రతిచోటా ఒక తక్కెడ ఉంటుంది.

బంగారం మీద అప్పు తీసుకోవడానికి వచ్చే ఇల్లాలినే తీసుకోండి. నగ బరువులో రాళ్లు, లక్క తీసేసి నికర బరువు చూడాలి. దాన్ని మేలిమి పాలుతో గుణించాలి. ఇరవై రెండు క్యారెట్లయితే 0.916. ఆపైన ఆనాటి ధరతో, ఆపైన ధరలో బ్యాంకు అప్పుగా ఇచ్చే పాలుతో గుణించాలి. అన్నీ దశాంశాలే. అవి తేలడానికి అప్రయిజరు రావాలి, గీటు పెట్టి చూడాలి, తూచాలి. ఈలోగా ఆమె అడుగుతుంది: 'ఎంతొస్తుంది నాయనా?' కౌంటరులో ఉన్నవాడు నగ వంక చూసి ఒక అంకె చెబుతాడు. మంచివాడే, ఆమెను సంతోషపెట్టాలనే చెబుతాడు. బరువు కాస్త ఎక్కువగా, మేలిమి కాస్త ఎక్కువగా, ధర కాస్త ఎక్కువగా అనుకుంటాడు. ఒక్కొక్కటీ అయిదు శాతమే. కాని 1.05ని 1.05తో, మళ్లీ 1.05తో గుణిస్తే 1.157625. లక్ష రావలసినచోట దాదాపు లక్షా పదహారు వేలు అన్నాడన్న మాట.

అతనికి అది అంచనా. ఆమెకు అది మాట ఇచ్చినట్లు. ఆ అంకె మీద ఆమె కొడుకు కాలేజీ ఫీజు ఎంతో, బాకీ ఎంత తీరుతుందో, ఇంటికి ఏం మిగులుతుందో అప్పుడే పంచేసుకుంటుంది. గంట తరువాత తక్కువ పడిన పదహారు వేలకు ఆమె చేతి గాజులు కూడా తీయవలసి రావచ్చు, లేదా వీధిలో వడ్డీవ్యాపారి గడప ఎక్కవలసి రావచ్చు. తేడా కౌంటరులో ఉన్నవాడికి ఒక అంకె, ఆమెకు నెలనెలా వడ్డీ. మన సరిహద్దు ఊళ్లలో ఈ బరువు ఇంకొంచెం ఎక్కువ. ఫారం కన్నడంలోనో తమిళంలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. తెలుగు తప్ప రాని ముసలామెకు ఆ కాగితంలోని కచ్చితమైన లెక్కకంటే నోటితో తెలుగులో చెప్పిన సుమారు లెక్కే ప్రమాణం. ఆమె సంతకం పెట్టేది కాగితం మీదే అయినా నమ్మేది ఆ మాటనే.

*

'అయితే ఎప్పుడూ తక్కువే చెబితే సరిపోతుంది కదా, తరువాత ఎక్కువ వస్తే సంతోషిస్తారు' అని ఎవరైనా అనవచ్చు. చాలామంది జాగ్రత్తపరులు చేసే పని ఇదే. కాని ఇది కూడా న్యాయం కాదు. లక్ష వచ్చేచోట ఎనభై వేలే అని చెబితే ఆమె మిగతా ఇరవై వేలు ముందే బయట చేబదులు తెచ్చుకుని ఉండవచ్చు. ఎనభై వేలకు పని కాదని నగ అమ్మేసుకోవచ్చు. తక్కువ చెప్పడం చెప్పినవాడికి మాట రాకుండా కాపాడుతుంది. విన్నవాళ్లను కాపాడుతుందని చెప్పలేం. ఎక్కువ చెప్పేవాడు మెప్పు కోరతాడు, తక్కువ చెప్పేవాడు క్షేమం కోరతాడు. ఇద్దరూ తమ కోసమే సవరిస్తున్నారు.

మరి దారి ఏది? ఇందాకటి గుణకారంలోనే ఉంది. 18.4 గ్రాముల నికర బరువును 0.916తో గుణించాలి. రెండింటినీ తగ్గించి 18ని 0.9తో గుణిస్తే 16.2. రెండింటినీ పెంచి 19ని 0.92తో గుణిస్తే 17.48. అసలు జవాబు ఈ రెండు అంకెల నడుమ తప్ప ఎక్కడా ఉండడానికి వీల్లేదు. కాగితం మీద చేస్తే 16.8544. అంటే ఒక్క అంకె చెప్పే బదులు రెండు కొసలు చెప్పవచ్చు. 'ఇంతకు తగ్గదమ్మా, అంతకు మించదు. కచ్చితంగా తూచాక చెబుతాం. ముందు తక్కువ అంకెనే నమ్ముకుని చూసుకోండి.' ఈ మూడు మాటలకు అర నిమిషం పట్టదు. ఇందులో అబద్ధం లేదు, మెప్పు లేదు, తప్పించుకోవడం లేదు. తెలియనిది ఎంతో, తెలిసింది ఎంతో విడదీసి ఆమె చేతిలో పెట్టాం. ఆపై నిర్ణయం ఆమెది. 'సుమారుగానే అన్నాను కదా' అనే హక్కు నా దృష్టిలో ఇలా రెండు కొసలు చెప్పినవాడికే ఉంది.

*

ఈ ధర్మం ఇతరులకు చెప్పి ఊరుకుంటే సరిపోదు. రాష్ట్రం బయట ఉన్న తెలుగువాళ్లం మన గురించి మనం చెప్పుకునే అంకెలనూ ఇదే తక్కెడలో వేసి చూడాలి.

మన సంఖ్య మనకు మాటవరసకు కాదు, హక్కులకు కావాలి. తరగతిలో పదిమంది, లేదా బడి మొత్తంలో నలభైమంది ఉంటే మాతృభాషలో చెప్పే ఉపాధ్యాయుణ్ణి ఇవ్వాలని 1949లోనే రాష్ట్రాల విద్యామంత్రులు ఒప్పుకున్నారు. తాలూకాలో అల్పసంఖ్యాక భాషవారు 15 శాతం ఉంటే ముఖ్యమైన ప్రకటనలు వారి భాషలోనూ వేయాలన్న ఒప్పందం ఉంది. ఇక్కడ దశాంశం ఎంత పని చేస్తుందో చూడండి. 2,40,000 జనాభా ఉన్న తాలూకా ఒకటి ఊహించుకోండి. 15 శాతమంటే 36,000. మనవాళ్లు 14.8 శాతమయితే 35,520. తేడా 480 మంది, ఒక చిన్న పల్లె. ఒక గుమస్తా 14.8ని 15 అని రాస్తే తెలుగులో నోటీసు వస్తుంది. ఇంకొకడు దాన్నే 14 అని కత్తిరిస్తే రాదు.

జనగణన అంకె చేతిలో లేని చిన్న ఊళ్లో మనం ఏం చేస్తాం? తెలుగు ఇళ్లు లెక్కపెట్టి, ఇంటికి ఇందరని గుణిస్తాం. నిజానికి ఇళ్లు 1150, ఇంటికి సగటున 4.3 మంది అనుకుందాం. మన సంఘం కార్యదర్శి ఇళ్లను 1200 చేస్తాడు, ఇంటికి అయిదుగురు అంటాడు. ఆరు వేలు. వేదిక మీద 'ఆరు వేల పైచిలుకు' అవుతుంది. తాలూకా ఆఫీసులో ఉన్నవారు ఇళ్లు ఓ వెయ్యి అంటారు, ఇంటికి నలుగురు అంటారు. నాలుగు వేలు. అసలు లెక్క 4,945. ఇద్దరిలో ఎవరూ అబద్ధం ఆడలేదు, ఇద్దరూ సవరించారు. కాని ఒకరు రెండింటినీ పెంచారు, ఒకరు రెండింటినీ తగ్గించారు. ఈ ఆరు వేలు, నాలుగు వేలు ఎదురెదురుగా నిలబడి వాదించుకుంటున్నంతకాలం ఆ 4,945 మందికి బడి రాదు.

'అవతలివారు తగ్గిస్తారు కనుక మనం పెంచితేనే సమం అవుతుంది' అని పెద్దలు అంటారు. 4.8, 6.3 గుణకారంలో ఒకటి పెంచి ఒకటి తగ్గిస్తే దగ్గరికి వచ్చింది కదా అని నన్నే ఎదురు అడగవచ్చు. అక్కడ ఆ రెండు పనులూ ఒకే చేయి, నిజానికి దగ్గరగా రావాలనే చేసింది. ఇక్కడ రెండు చేతులు ఎవరి వైపుకు వారు లాగుతున్నాయి. లాగుడుపోటీలో తాడు మధ్యకు వస్తుందన్న భరోసా లేదు. బలం ఎక్కువ ఉన్నవాడి వైపుకే వస్తుంది. అల్పసంఖ్యాకులకు ఆ బలం లేదు. మనకున్న బలమల్లా, వెళ్లి తలుపు తట్టి లెక్కపెట్టుకున్నా మన అంకె నిలుస్తుందన్న పేరు ఒక్కటే. ఆ పేరు ఉన్న సంఘం '4,900కు తగ్గరు' అంటే అధికారి వింటాడు. ఆరు వేలు అని ఒకసారి తేలిపోయిన సంఘం తరువాత నిజం చెప్పినా వినడు. మన అంకె మనం చెప్పేటప్పుడు తక్కెడ మన చేతిలోనే ఉంది. అక్కడ కొసరు వేయవలసింది మనమే.

*

చివరగా, ఒక మనిషి అంచనాలు తెలియక తప్పుతున్నాయా, కావాలని తప్పుతున్నాయా అని తేల్చడం ఎలా? మనసులో దూరి చూడలేం. కామర్సు చదివినవాడికి తోచే ఉపాయం ఒక్కటే, పుస్తకం పెట్టడం. ఎవరికైనా సుమారుగా చెప్పిన అంకెను ఒక గడిలో రాసుకోవడం, అసలు లెక్క తేలాక దాన్ని పక్క గడిలో రాసుకోవడం. ఇంటి ఖర్చుకైనా, సంఘం వసూళ్లకైనా, బ్యాంకు కౌంటరులోనైనా ఇది చేయవచ్చు. ఏడాది తిరిగాక తేడాలు చూడాలి. కొన్ని ఎక్కువ, కొన్ని తక్కువగా రెండు వైపులా పడి ఉంటే ఆ మనిషికి తెలిసింది అంతే, అందులో దోషం లేదు. తేడాలన్నీ ఒకే వైపున, అదీ రాసినవాడికి లాభించే వైపున పడి ఉంటే అది మనం అనే ఉజ్జాయింపు కాదు, మనం అనే ఉద్దేశమే. తమిళులు రెండింటికీ ఒకే మాట వాడినా పుస్తకంలో ఆ రెండూ వేరువేరుగా కనిపిస్తాయి.